ఎడమ చేతి వాపు

కుడిది కాదు, ఎడమదే, ఎటునుంచి చూసినా ఎడమదే ఎక్కువ, నిన్న సాయంత్రం రెండూ ఒకేలా ఉన్నాయని తనే అనుకుంది కదా, నిజంగా ఉన్నాయా, ఉండాలని అనుకుందా, గుండెకంటే ఎత్తులో పెట్టుకోవాలమ్మా అని నర్సు చెప్పినట్టే రెండు చేతులనూ దిండ్ల మీదికి ఎక్కించి, వెల్లకిలా పడుకుని, మెడను ఒకసారి అటూ ఒకసారి ఇటూ తిప్పి చూస్తోంది ఆమె, చంక దగ్గర్నుంచి మణికట్టు దాకా పట్టేసిన బిగుతు తొడుగు కుడి చేతి మీద అక్కడక్కడా ముడత పడుతోంది, ఎడమ చేతి మీద పడటం లేదు, ముడత పడే చోటు లేనంతగా ఉబ్బింది లోపల, లేదూ తొడుగే కాస్త పైకి జరిగిందేమో, జరిగే ఉంటుంది, వేళ్ళు మరి, వేళ్ళ మాటేమిటి, ఎడమ చేతి వేళ్ళు కణుపుల దగ్గర గీతలే లేకుండా నున్నగా పొంగాయి, ఎవరో చంటిపిల్ల వేళ్ళు తెచ్చి తన చేతికి అతికించినట్టున్నాయి, వాపు సహజం అంది నర్సు, రెట్టల కింద వేలాడే చర్మం తీసేసి కుట్టారు కదా, వాపు ఉంటుంది, మోచేతికి దిగుతుంది, వేళ్ళకి దిగుతుంది, వారాలు పడుతుంది, నెలలు కూడా పట్టొచ్చు, కంగారు పడొద్దు, అక్కడిదాకా ఆ పిల్ల గొంతు జోలపాటలా ఉంది, ఆ తర్వాతే, తలుపు దాకా వెళ్ళి, మరిచిపోయిందేదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగి, కానీ ఒక్క చేయే ఉన్నట్టుండి పెరిగినా, ఎర్రబడినా, వేడిగా అనిపించినా వెంటనే రండి అంది, ఆ కానీ అన్న ముక్కతోనే ఆమె ఇన్ని రోజులుగా కాపురం చేస్తోంది, కళ్ళు తెరిస్తే కానీ, మూస్తే కానీ, ఎడమ చేయే ఎందుకు, ఉబ్బితే గిబ్బితే కుడిది ఉబ్బకూడదా, ఆమెది పుర్రచేతివాటం, కత్తెర పట్టేది ఈ చేత్తోనే, చిన్నప్పుడు బడిలో స్కేలుతో కొట్టినా మారని చేయి, పార్లర్‌లో మిగతావాళ్ళ కత్తెరలు ఆమెకు పనికిరావు, ఆమె కత్తెర ఇంకొకరి చేతిలో ఒక్క వెంట్రుకా తెగదు, అలాంటి చేతిని తీసుకెళ్ళి బల్లమీద పెట్టి కోయండి బాబూ అంది తను, ఎవరూ బలవంతపెట్టలేదు, తనే అంది.

దిండు సర్దుకోబోయి చేతిని కొంచెం జరిపితే లోపల ఏదో కదిలింది, నొప్పి కాదు, నొప్పి అయితే తెలిసిన సంగతే, ఇది వేరు, వేడినీళ్ళ సంచిని పక్కకు వాలిస్తే నీళ్ళు ఒక మూల నుంచి ఇంకో మూలకు పోయినట్టు, మోచేతికి కాస్త పైన, లోపలివైపు, కుడి చేతి వేలితో తొడుగు మీద నుంచే మెల్లగా నొక్కితే ఇక్కడ నొక్కినది అక్కడ పొంగింది, వెంటనే వేలు తీసేసింది, తీసేసి మళ్ళీ నొక్కింది, అమ్మో, నిన్న ఇది లేదు, నిన్న నొక్కలేదేమో, నొక్కకుండా ఉంటుందా తను, రోజంతా చేసే పని అదే కదా, ఫోన్ తీసి వెతకొద్దని ఆయన ఆసుపత్రి గుమ్మంలోనే ఒట్టు వేయించుకున్నాడు, వేయించుకుంటే వేయించుకున్నాడు, కుడి బొటనవేలితో తడబడుతూ టైపు చేసింది, రెట్ట ఆపరేషన్ తర్వాత ఒక చేతికే వాపు, అంతే, వచ్చి పడ్డారు లోకంలో వాళ్ళంతా, ఎవరికో చేయి నీలంగా మారిందట, ఎవరికో రక్తం గడ్డ కట్టి ఊపిరితిత్తుల్లోకి పోయిందట, ఎవరికో కుట్లు విడిపోయాయట, ఎవరికో ఏమీ కాలేదట, ఏమీ కాని ఆవిడ ఒక్క ముక్కలో ముగించి వెళ్ళిపోయింది, అయినవాళ్ళు మాత్రం పేజీలకు పేజీలు రాశారు, ఊపిరి అందుతోందా తనకి, అందుతోంది, అందుతోందా అని ఆలోచించగానే అందడం మానేసింది, ఫోన్‌ని దిండు కిందికి తోసేసి గోళ్ళు చూసుకుంది, గులాబీ రంగేనా ఇది, కాస్త నీలం ఉందా, కిటికీ తెర నీలం, ఆ నీడేమో, ఆ తెర ఎవరు కొన్నారు, తనే కొంది.

అమ్మాయ్, లేచావా, అత్తయ్య గొంతు, ఎప్పుడూ గొంతు వచ్చాకే మనిషి వస్తుంది, ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో హెడ్‌ఫోన్లు తగిలించుకుని, వైర్లు గుచ్చుతూ పీకుతూ ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, ఆపరేషన్ సంగతి తెలిసి తన ఇంటికి తాళం వేసుకుని వచ్చేసింది, రమ్మని ఎవరూ పిలవలేదు, వచ్చాక వద్దనడానికీ ఎవరికీ నోరు రాలేదు, వంటిల్లు, బట్టలు, మందులు, అన్నీ తన బోర్డు మీదికి తెచ్చేసుకుంది, ఆ అడుగుల చప్పుడు వినగానే ఆమె పక్కనున్న శాలువా లాగి ఎడమ చేతి మీద కప్పేసింది, ఎందుకు కప్పిందంటే, ఎందుకేమిటి, ఆపరేషన్‌కు ముందు ఇదే మంచం మీద కూర్చుని ఇదే అత్తయ్య అడిగింది, జబ్బు లేని చేతికి కోత ఎందుకమ్మాయ్, ఎవరేమన్నారు నిన్ను, నంబరివ్వు, నేను మాట్లాడతా, నవ్వుతూనే అంది పాపం, తనే కస్సుమంది, నా చేయి నా ఇష్టం అత్తయ్యా అంది, సరే, లైను నీది అనేసి అత్తయ్య మళ్ళీ ఆ ఊసెత్తలేదు, ఆ నా ఇష్టం అన్న మాట ఇప్పుడొచ్చి గుండెల మీద కూర్చుంది, దువ్వెన పట్టుకుని అత్తయ్య వెనక చేరింది, చేతులు తలకంటే పైకి ఎత్తకూడదు కాబట్టి ఈ సేవ కూడా ఆవిడదే, ఊళ్ళో సగం మంది జుట్టు కత్తిరించే మనిషి తన జుట్టు తను దువ్వుకోలేదు, ఆ దువ్వడం దువ్వడం కాదు, చిక్కు కనిపిస్తే శత్రువు కనిపించినట్టే, అల్లితే జడ కాదు కేబులు, నెమ్మది అత్తయ్యా, చివర్లనుంచి మొదలుపెట్టాలి, నాకు నేర్పకు, మీ ఆయన జుట్టు పదో తరగతి దాకా నేనే దువ్వాను, అందుకే బట్టతల వచ్చింది, ఇద్దరూ నవ్వారు, నవ్వితే చేయి కదిలింది, నీళ్ళు అటు నుంచి ఇటు, నవ్వు సగంలో తెగింది, ఎలా ఉంది చేయి, బాగానే ఉందత్తయ్యా, వాపో, తగ్గుతోంది, తగ్గుతోందా, అబ్బా తగ్గుతోందని చెప్పాగా, దువ్వెన ఒక్క క్షణం ఆగింది, మళ్ళీ కదిలింది, అత్తయ్య ఇంకేం అడగలేదు, అడగకపోయేసరికే భయం వేసింది ఆమెకు.

ఎందుకు చేయించుకోవాలనుకుంటున్నారు అని సర్జన్ అడిగినప్పుడు బరువు తగ్గాక చర్మం మిగిలిపోయిందండీ అని చెప్పింది, నిజమే, మెట్లెక్కితే ఆయాసం వచ్చే రోజుల్లో డాక్టరు చీవాట్లు పెడితే తెల్లారగట్ల లేచి నడిచింది, నోరు కట్టుకుంది, ఏళ్ళు పట్టింది, ఒళ్ళు తగ్గింది, చర్మం మాత్రం ఆ కబురు అందనట్టు అక్కడే ఉండిపోయింది, రెట్టల కింద ఖాళీ సంచుల్లా, అది నిజమే గానీ అసలు నిజం కాదు, అసలు నిజం పార్లర్‌లో ఉంది, మూడువైపులా అద్దాలు, రోజంతా రెండు చేతులూ గాల్లోనే, డ్రయ్యర్ ఆన్ చేస్తే ఆ గాలికి కస్టమర్ జుట్టుతో పాటు తన చర్మమూ ఊగేది, కుర్చీలో కూర్చున్నావిడ తన జుట్టు చూసుకోవడం మానేసి అద్దంలో దాన్నే చూసేది, చూసి చటుక్కున కళ్ళు తిప్పేసుకునేది, ఆ తిప్పుకోవడం చూపుకంటే ఎక్కువ గుచ్చుకునేది, అందుకే ఎండలు మండిపోతున్నా మణికట్టు దాకా చేతులున్న చొక్కాలు, జుట్టుకు వేసే రంగు మరకలతో, డ్రయ్యర్ వేడికి చంకల్లో చెమట, ఇంట్లోనూ అంతే, ఆయన గదిలోకి వస్తే దుప్పటి లాక్కునేది, అలా ఎన్నేళ్ళు నడిచేదో గానీ ఒకరోజు చొక్కా చేతులు పైకి మడిచి జుట్టు కడుగుతుంటే, కుర్చీ మీద చెక్క వేసి కూర్చోబెట్టిన చిన్నపిల్ల, తన వంతు కోసం చూస్తున్నది, కళ్ళు ఇంతింత చేసుకుని, ఆంటీ, మీకు రెక్కలున్నాయా అని అడిగింది, ఆ పిల్ల ఎగతాళికి అడగలేదు, రెక్కలంటే దానికి గొప్ప, నిజంగా ఉన్నాయేమోనని ఆశపడి అడిగింది, తనకూ నవ్వే వచ్చింది, ఆ నవ్వుతోనే అయిపోయేది, ఇంతలో ఆ పిల్ల తల్లి, తప్పు, అలా అనకూడదు, అంటూ పిల్ల నోరు నొక్కేసింది, తప్పు, ఎవరి తప్పు, ఎవరిది దాచాల్సిన సంగతి, ఆ పూట లోపలి గదిలోకెళ్ళి టవళ్ళ బుట్ట మీద కూర్చుని ఏడ్చింది, టవళ్ళు ఎలాగూ తడివే, ఎవరికీ తెలియలేదు.

అయితే ఇప్పుడేం చేయాలి, ఆయనకి ఫోన్ చేయాలి, చేసింది, అందుబాటులో లేరు అంది ఫోన్, ఎక్కడో లిఫ్ట్ గొయ్యిలో దిగి ఉంటాడు, లిఫ్టులు బాగుచేసే మనిషికి పని ఉన్నంతసేపూ సిగ్నల్ ఉండదు, ఆపరేషన్ పేరు ఆర్మ్ లిఫ్ట్ అని మొదటిసారి చెప్పినప్పుడు లిఫ్ట్ అంటే మా డిపార్ట్‌మెంటే కదా, ఆసుపత్రి దాకా ఎందుకు, గ్రీజు పెట్టి నేనే చేసేస్తా అన్నాడు, తర్వాత మెల్లగా, నాకేం ఇబ్బంది లేదు తెలుసా, నీ చేతులు నాకు బాగానే ఉన్నాయి అన్నాడు, ఆ మాటకు కరిగిపోవాల్సింది పోయి మండిపోయింది తను, నీ కోసం కాదు అంది, నీకేం ఇబ్బంది, రోజూ మూడు అద్దాల మధ్య నుంచునేది నువ్వా నేనా, సరే, అయితే నేను లీవు పెడతా అన్నాడు, పెట్టాడు కూడా, లీవు అయిపోయి నిన్నగాక మొన్న మళ్ళీ పనిలో చేరాడు, చేరాడో లేదో ఈ చేయి ఇలా చేసింది, మళ్ళీ ఫోన్ చేసింది, అందుబాటులో లేరు, చెప్పి మాత్రం ఏం లాభం, పని వదిలేసి పరిగెత్తుకొస్తాడు, వచ్చి చూస్తే ఏమీ ఉండదు, ఉత్త భయం, ఉత్తదే అయితే బాగుండు, ఉత్తది కాకపోతే, పొద్దున్న చూసి కూడా మధ్యాహ్నం దాకా ఎందుకు ఆగారమ్మా అని సర్జన్ అడిగితే, అత్తయ్యకు చెప్పడానికి మొహం చెల్లలేదండీ అనాలా.

స్నానాల గదిలోకి వెళ్ళి గడియ వేసింది, శాలువా తీసింది, తొడుగుకి చేతి పొడవునా జిప్పు ఉంది, కుడి చేత్తో దాన్ని కిందికి లాగుతుంటే సగంలో పట్టేసింది, లాగింది, బరువుగా ఊపిరి వదిలినట్టు చేయి బయటికొచ్చింది, చంక నుంచి మోచేతి దాకా కుట్ల గీత, గీత పక్కన చర్మం ఎర్రగా, ఎరుపేనా, తొడుగు నొక్కుడికి వచ్చిన ఎరుపా లేక ఆ ఎరుపా, మోచేతి పైన కోడిగుడ్డంత ఉబ్బు, మెరుస్తోంది, చేయి ఇటు వాలిస్తే ఇటు, అటు వాలిస్తే అటు, కుడి చేయి వెనకవైపు ఆనించి చూసింది, వేడిగానే ఉంది, కుడి రెట్టా వేడిగానే ఉంది, తాకిన చేయే చల్లబడిందేమో, థర్మామీటరు నాలుక కింద పెట్టుకుని అద్దంలో చూసుకుంది, నోట్లో పుల్ల, జడ కేబులు, ఒక చేయి మనిషిది ఒక చేయి బొమ్మది, ఇదా నేను కోరుకున్నది, జ్వరం లేదు, లేదంటోంది, ఇది పాత థర్మామీటరు, మళ్ళీ నోట్లో పెట్టుకుంది, చీము పడితే మళ్ళీ కోస్తారు, కోసి తెరిచి కడుగుతారు, నరం ఏదైనా తెగితే, ఈ రెండు వేళ్ళూ కాస్త మొద్దుబారినట్టు లేవూ, ఉన్నాయి, బొటనవేలు పెట్టేది కత్తెర ఒక కంతలో, ఇదిగో ఈ ఉంగరపు వేలు పెట్టేది ఇంకో కంతలో, ఇవి పనిచేయకపోతే, గాల్లోనే కత్తెర ఆడించి చూసింది, ఆడలేదు, ఉబ్బిన వేళ్ళు మూసుకోవు కదా, వాపు వల్లే, వాపు వల్లేనా, పార్లర్‌లో కుర్చీ దగ్గర నేల ఊడ్చే పని మిగులుతుందేమో, ఊడవడానికి కూడా రెండు చేతులు కావాలి, ఏం మాయరోగం నాకు, ఊగితే ఊగింది, ఊగే చేయి పనిచేసేది కదా, డ్రయ్యర్ పట్టుకునేది, దువ్వెన తిప్పేది, గంటలకు గంటలు గాల్లో నిలబడేది, ఒక్కనాడు నొప్పి అనలేదు, దాన్ని పట్టుకెళ్ళి, దాన్ని పట్టుకెళ్ళి.

అమ్మాయ్, తలుపు అవతల గొంతు, తియ్యి, ఏం లేదత్తయ్యా మొహం కడుక్కుంటున్నా, కుళాయి చప్పుడు లేదే, ఇదిగో తిప్పుతున్నా, తియ్యమ్మాయ్, నిన్నటి నీ బాగానే ఉంది వేరు, ఇవాళ్టి నీ బాగానే ఉంది వేరు, మనిషి కనబడకుండా గొంతులు విని బతికిన దాన్ని, నాకా చెబుతావు, ఆమె గడియ తీసింది, థర్మామీటరు నోట్లోనే ఉంది, ఏడుపు దాని చుట్టూ తిరిగి బయటికొచ్చింది, అత్తయ్య చేతిని చూసింది, ఇప్పుడు అంటుంది, ముందే చెప్పానా అంటుంది, జబ్బు లేని చేతికి అంటుంది, అనాలి కూడా, అంటే బాగుండు, ఒక పని అయిపోతుంది, అత్తయ్య అనలేదు, థర్మామీటరు తీసి చూసి, జ్వరం లేదు, మంచిది అని తుడిచి పెట్టేసింది, అనవేమిటత్తయ్యా అని తనే అడిగింది, ఏమనాలి, నువ్వు వద్దన్నావు కదా, అన్నాను, నువ్వు వినలేదు, ఆ కాల్ అయిపోయింది, ఇప్పుడు ఈ కాల్ మాట్లాడదాం, చెప్పులేసుకో, అంటూనే తొడుగు జిప్పు పైకి లాగి, శాలువా కప్పి, ఆసుపత్రికి ఫోన్ కలిపింది, అవతల అమ్మాయి ఈ రోజు డాక్టర్ గారికి ఖాళీ లేదండీ అని ఉంటుంది, అత్తయ్య గొంతు మారిపోయింది, ఇంట్లో వినే గొంతు కాదు, నిలువునా ఇస్త్రీ చేసినట్టున్న గొంతు, తల్లీ, ఆయనకు ఖాళీ ఉందా అని నేను అడగలేదు, మేం బయల్దేరామని చెబుతున్నాను, ఒక చేతికే వాపు, మోచేతి పైన నీరు కదులుతోంది, జ్వరం లేదు, ఈ మూడు ముక్కలు ఆయన చెవిన వేసి ఏమన్నారో నాకు చెప్పు, నేను లైన్లోనే ఉంటా, ఉంది, ట్యాక్సీ వచ్చేదాకా ఉంది, ఎక్కాక కూడా చెవి దగ్గర ఫోన్ దించలేదు, రమ్మంటున్నారండీ అన్న మాట వినబడ్డాకే దించింది.

ట్యాక్సీ అద్దంలోంచి వీధి వెనక్కి పోతోంది, మందుల షాపు, సైకిలు పంపు కొట్టే మనిషి, బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్ళు, అందరి చేతులూ మామూలుగా ఉన్నాయి, సంచులు మోస్తున్నాయి, పిల్లల్ని లాగుతున్నాయి, వేలాడేవీ ఉన్నాయి వాటిలో, బక్కవీ ఉన్నాయి, ఎంత మామూలుగా ఉన్నాయో, కుదుపు వచ్చినప్పుడల్లా అత్తయ్య తన అరచేయి ఆమె మోచేతి కింద పెట్టి ఆపుతోంది, ఆసుపత్రిలో వరసగా కుర్చీలు, కుర్చీల నిండా జనం, భార్యాభర్తలు, ముక్కుకు పట్టీ వేసుకున్న కుర్రాడు, పేపరు చదువుతున్న పెద్దాయన, ఫోన్లో మాట్లాడిన అమ్మాయే కౌంటరు దగ్గర, కూర్చోండి, పిలుస్తారు అంది, ఆమె కూర్చుంది, గోడ గడియారం చూసింది, చేయి బరువెక్కుతోంది, అవునా, వేళ్ళు ఇంకా ఇంకా బిగుస్తున్నాయి, ఊపిరి, ఊపిరి అందుతోందా, లేచింది, అమ్మా కూర్చోండి, వాపు అందరికీ ఉంటుంది అంది కౌంటరు అమ్మాయి తలెత్తకుండా, అందరికీ, ఆ అందరికీ అన్న మాట ఎక్కడ తగిలిందో, శాలువా భుజం మీద నుంచి లాగి కుర్చీలోకి విసిరేసింది, లోపల వేసుకున్నది చేతుల్లేని వదులు చొక్కా, ఈ తొడుగు మీద ఇంకేదీ పట్టదు మరి, జిప్పు పట్టుకుని ఒక్క లాగు లాగింది, ఈసారి పట్టేయలేదు, చూడు, ఇటు చూడమ్మా, కుడిది చూడు, ఎడమది చూడు, ఒకేలా ఉన్నాయా, నేను దీంతో పని చేసుకుని బతకాలి, దీనికేదైనా అయితే, గొంతు పెద్దదయింది, గదిలో అందరూ ఇటు తిరిగారు, పేపరు కిందికి దిగింది, కుట్ల గీత, ఎరుపు, ఉబ్బు, ఊపిరి ఉగ్గబట్టుకుని అందరూ చూస్తున్నారు, ఆమె మాత్రం ఎత్తిన చేతిని దించలేదు, ఒక చేతిని ఇంకో చేత్తో కింద పట్టుకుని, పడిపోతున్న బిడ్డను ఎత్తి డాక్టరుకు చూపిస్తున్నట్టు అలాగే నుంచుంది, కౌంటరు అమ్మాయి లేచి లోపలికి పరిగెత్తింది.

సర్జన్ కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని వచ్చాడు, గోళ్ళు నొక్కి చూశాడు, వేళ్ళ చివర్లు తాకి తెలుస్తోందా అన్నాడు, తెలుస్తోంది, పిడికిలి బిగించమన్నాడు, బిగిసినంత బిగించింది, చల్లటి జిగురు రాసి స్కాన్ మిషను ఆనించి తెర వైపు చూస్తూ ఊఁ ఊఁ అన్నాడు, ఆ ఊఁ మంచిదా చెడ్డదా, అత్తయ్య ముందుకు వంగి, డాక్టరు గారూ, ఊఁ కాదు, మాట చెప్పండి అంది, ఆయన నవ్వాడు, రక్తం గడ్డ లేదమ్మా, చీము కూడా కాదు, లోపల నీరు చేరింది, కోసిన చోట ఒక్కోసారి ఇలా చేరుతుంది, తీసేస్తాం, సూది గుచ్చాడు, మొద్దుబారిన చోటు కాబట్టి సూది తెలియలేదు, లాగుతున్నది తెలిసింది, సిరంజిలోకి పలచటి టీ రంగు నీరు ఎక్కుతుంటే కోడిగుడ్డు మెల్లగా కూలిపోయింది, చూశారా, చిక్కగా లేదు, వాసన లేదు, భయం లేదు, కానీ, మళ్ళీ కానీ, కానీ మళ్ళీ చేరొచ్చు, చేరితే మళ్ళీ తీస్తాం, మామూలు వాపు ఉండనే ఉంటుంది, ఎడమ చేతి మనిషి కదా మీరు, తెలియకుండా ఆ చేయే ఎక్కువ వాడేస్తున్నారు, ఫోన్ ఏ చేత్తో పడుతున్నారు, కుడి చేత్తోనే అంది, మిగతావి, ఆమె తల దించుకుంది, ఇంకో మాటమ్మా, రెండు చేతులూ చివరికి అచ్చు ఒకేలా వస్తాయని నేను మాటివ్వలేను, గీత కూడా పూర్తిగా పోదు, అన్నాడు, ఇదే మాట ఆపరేషన్‌కు ముందు చెప్పినప్పుడు రెండు రోజులు అన్నం సయించలేదు ఆమెకు, ఇప్పుడు తలూపింది, వేళ్ళు పనిచేస్తాయా అని ఒక్కటే అడిగింది, భేషుగ్గా పనిచేస్తాయి, తొందరపడి కత్తెర పట్టకపోతే, నర్సు దూది పెట్టి పట్టీ చుట్టింది, వెంటనే వచ్చారు, మంచి పని చేశారు అంది, వెంటనే కాదు, పొద్దున్నంతా దాచాను అని చెప్పలేదు ఆమె, అత్తయ్య కూడా చెప్పలేదు.

తిరుగు ట్యాక్సీలో ఫోన్ మోగింది, ఆయనే, పైకొచ్చాను, ఇన్నిసార్లు చేశావేంటి, ఏమైంది, ఏం లేదు, నీరు చేరితే తీశారు, అత్తయ్య తీసుకెళ్ళింది, అవునా, నేను వచ్చేస్తున్నా, వద్దు, పని చూసుకుని రా, నిజంగా వద్దా, నిజంగా, అత్తయ్య కిటికీలోంచి బయటికి చూస్తూనే, ఆఁ, ఇది నిజం గొంతే అంది తనలో తను, కుదుపుకి చేయి కదిలింది, లోపల నీళ్ళు కదలలేదు, భయం మాత్రం ఇంకా కాస్త మిగిలే ఉంది, రేపు పొద్దున్న లేచి మళ్ళీ నొక్కి చూస్తుంది, ఎల్లుండీ చూస్తుంది, మళ్ళీ చేరితే మళ్ళీ పరిగెడుతుంది, శాలువా ఏది, అత్తయ్యా నా శాలువా, అయ్యో, అక్కడే కుర్చీలో వదిలేశాం అమ్మాయ్, వెనక్కి తిప్పమందామా, అప్పుడు చూసుకుంది ఆమె తనను తాను, చేతుల్లేని చొక్కాలో, ఉబ్బి, ఎర్రబారి, పట్టీ వేసిన చేత్తో, జిప్పు సగం తెరిచి ఉన్న తొడుగుతో ఆసుపత్రి మెట్లు దిగింది, రోడ్డు మీద నిలబడింది, ట్యాక్సీ ఎక్కింది, అంతకుముందు ఆ గదిలో, ముక్కు పట్టీ కుర్రాడు, పేపరు పెద్దాయన, పేరు తెలియని ఆడామగా అందరి ముందూ ఇదే చేతిని ఎత్తి చూపించింది, ఎన్నేళ్ళుగానో కట్టుకున్న మొగుడికి కూడా వెలుతురులో చూపించని చేతిని, చూడండి చూడండి అని అరిచి మరీ చూపించింది, వాళ్ళెవరైనా కళ్ళు తిప్పుకున్నారా, తిప్పుకునే ఉంటారు, చూడలేదు తను, చూడాలని కూడా తోచలేదు, సిగ్గు ఎక్కడికి పోయింది, ఇంతకంటే అందవికారంగా ఈ చేయి ఎప్పుడైనా ఉందా, ఊగే రోజుల్లో కూడా లేదు, అయినా సిగ్గు రాలేదు, ఇన్నేళ్ళూ ఈ చేతిని చూసి ఎవరేమనుకుంటారోనని భయపడింది, ఇవాళ ఈ చేతికి ఏమవుతుందోనని భయపడింది, రెండూ భయాలే గానీ రెండూ ఒకటి కావు, మొదటిది చేతిని దాచిపెట్టింది, రెండోది దాన్ని నలుగురిలో ఎత్తి పట్టుకుంది, అయితే కోయించుకోవడం తప్పా అంటే, ఏమో, తప్పనీ తోచడం లేదు, ఒప్పనీ తోచడం లేదు, ఆ ప్రశ్నే ఎందుకో చిన్నదైపోయింది, వెనక్కి తిప్పమనాలా అమ్మాయ్ అని అత్తయ్య మళ్ళీ అడిగింది, వద్దత్తయ్యా, పోనీలే అంది ఆమె, గుండెకంటే ఎత్తులో ఉండాలి కదా అని చేతిని మెల్లగా లేపి ముందు సీటు పైఅంచు మీద ఆనించింది, ఎండ నేరుగా వచ్చి దాని మీద పడింది, డ్రైవరు అద్దంలోంచి చూస్తే చూశాడు, అది ఆమె చేయి, కుట్లతో, వాపుతో, అక్షరాలా ఆమె చేయి, దానికి ఏమీ కాకూడదు, అంతే.